కుంకుమ బొట్ల లెక్క

అన్నదమ్ములంతా రైసుమిల్లు చూసుకుంటుంటే సుదర్శన్‌రావు ఒక్కడే పట్టుబట్టి, తొంభై ఆరులో కరీంనగర్‌లో మేడమీద గది తీసుకుని, నలుగురిని కూర్చోబెట్టి సాఫ్ట్‌వేర్ రాయించడం మొదలుపెట్టాడు. "గా డబ్బాలల్ల ఏం పోస్తవు, ఏం తీస్తవు?" అని పెద్దన్న లింగారావు నవ్వినప్పుడల్లా ఆయనకు ఒళ్లు మండేది.

ఏడాది తిరిగేసరికి ఒకే ఒక మంచి పని చిక్కింది. వేములవాడలో ఒక సత్రానికి గదులు కేటాయించే ప్రోగ్రాం. శివరాత్రి జాతరకు అది నడవాలి. నడవకపోతే కంపెనీకి తాళం, సుదర్శన్‌రావుకు మళ్లీ మిల్లు, రోజూ అన్న నవ్వు.

నలుగురూ పొద్దస్తమానం కీబోర్డులు కొడుతూనే ఉన్నారు. సత్రానికి చేరింది మాత్రం సున్నా. ఎవడో కునుకు తీస్తున్నాడని ఆయన అనుమానం. ఆ ఎవడో అహరోనే అని గట్టి నమ్మకం. అతను మాట్లాడడు, టీకి లేవడు, అడిగితే "అయిపోయింది సార్" అంటాడు. అయిపోయిందన్నవాణ్ణి ఎవరు నమ్ముతారు?

అందుకని సుదర్శన్‌రావు ఒక పద్ధతి పెట్టాడు. పనికో చీటీ. పని ఎవరి దగ్గరుంటే చీటీ వాళ్ల బల్లమీద. రోజూ సాయంత్రం టైపిస్టు సరళాదేవి తిరిగి, కదలని ప్రతి చీటీకీ ఒక కుంకుమ బొట్టు పెట్టాలి.

"ఎవని చీటీలు ఎర్రగైతయో, శనివారం వాడు ఇంటికి పోవుడే," అని అందరి ముందూ చెప్పాడు.

"మీ బల్లమీది వాటికి గూడ పెట్టాల్నా సార్?" అంది సరళాదేవి.

"పెట్టమ్మా. రూలంటే అందరికీ ఒక్కటే." తన పెద్దమనసుకు తనకే ముచ్చటేసింది.

శనివారం పొద్దున్నే సత్రం మేనేజర్ మొండయ్య ఫోన్ చేసి, రేపటికి ప్రోగ్రాం రాకపోతే పని హైదరాబాదువాళ్లకు ఇచ్చేస్తానన్నాడు. సుదర్శన్‌రావు రుసరుసలాడుతూ అహరోను బల్ల దగ్గరికి నడిచాడు. అక్కడ ఒకే చీటీ, దానికి ఒకే బొట్టు. మిగతావాళ్ల దగ్గరా అంతే.

"మరి పనులన్ని ఏడ పోయినయ్?"

అహరోను మెల్లగా ఆయన బల్లవైపు చూశాడు. అక్కడ చీటీలు కుప్పగా ఉన్నాయి. బొట్ల కింద రాతే కనిపించడం లేదు.

అన్నీ పూర్తయిన పనులే. కానీ ప్రతిదీ సుదర్శన్‌రావే చూడాలి, తానే వేములవాడ పట్టుకెళ్లాలి. అదీ రాజన్నస్వామి వారం, సోమవారమే. గుడిలో కోడెను కట్టి మొక్కు చెల్లించాకే ఫ్లాపీ బయటికి తీయాలి. ఒక సోమవారం వర్జ్యం, ఇంకో సోమవారం పిల్లి ఎదురు, మరో సోమవారం బావమరిది పెళ్లి. దేవుణ్ణి అనడానికి లేదు, ఆయన ఫ్లాపీలు అడగలేదు.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి సుదర్శన్‌రావుకు.

"ఫ్లాపీలన్నీ వేములవాడకు తీస్కపో అహరోను. ఇప్పుడే."

"ఇయ్యాల అష్టమి సార్."

"చర్చికి పోయేటోనివి, నీకెందుకయ్యా అష్టమి?"

"నాకు గాదు సార్. మీరు ఫికర్ జేస్తరని."

సాయంత్రం మొండయ్య మళ్లీ ఫోన్ చేశాడు. గదులన్నీ తెరమీద కనబడుతున్నాయట. ధర్మపురిలో తమ రెండో సత్రం పని కూడా వీళ్లకే ఇస్తారట. సుదర్శన్‌రావుకు ప్రాణం లేచొచ్చింది.

"సోమవారం నేనే వచ్చి మొదలువెడత," అన్నాడు.

అవతల మొండయ్య కాస్త తటపటాయించాడు. "మీకెందుకు సార్ పరేషాన్? గా అహరోనునే పంపుండ్రి. జల్ది అయితది."

"ఏమన్నడు సార్?" అని సరళాదేవి అడిగింది.

"కంపెనీ నిలవడ్డదమ్మా," అన్నాడు. సంతోషమే, అబద్ధం కాదు. తనను రావద్దన్నారన్న మాట మాత్రం ఇంట్లో భార్య జానకీబాయికి కూడా చెప్పుకోలేకపోయాడు.