మోకు మీద బరువు

దయ్యాల సంగతి ఎవరైనా మొదలుపెడితే మధ్యలోనే ఆపి ప్రశ్నలు వేసే మనిషిని నేను. ఎవరు చూశారు, ఎంత దూరం నుంచి చూశారు, వెలుతురు ఉందా, అంతకుముందు ఏం తాగారు. ఈ ప్రశ్నల వల్ల చుట్టాల్లో నాకు మంచి పేరేమీ లేదు. ఇప్పుడు నేను చెప్పబోయేదానికి కూడా మీరు అవే ప్రశ్నలు వేసుకోండి. చూసింది నేను. చెయ్యి చాస్తే అందేంత దూరం నుంచి, పొద్దుటి ఎండలో చూశాను. తాగింది చాయ్.

హైదరాబాద్ శివార్లలో, ఉప్పల్ నుంచి నాచారం వెళ్లే దారిలో, అప్పటికింకా ఇళ్లు లేని చోట మా మామగారు ద్రాక్షతోట వేశారు. చిల్కానగర్ వైపు చూస్తే అన్నీ ద్రాక్ష పందిళ్లే ఉండేవి. ఎనభై దాటినా ఆయన మాకంటే ముందు లేచి తోటలో ఉండేవారు.

నేను కాపురానికి వచ్చేసరికే తోటకు కరెంటు మోటరు ఉంది. అయినా మామగారు రోజూ పొద్దున కాసేపు మోట కొట్టేవారు. మోట చూడనివాళ్ల కోసం చెబుతున్నాను. బావిలోకి పెద్ద తోలు బొక్కెన దించి, దాని మోకును, అంటే లావుపాటి తాడును, ఎద్దుల కాడికి కడతారు. ఎద్దులు వాలు మీద కిందికి నడిస్తే బొక్కెన పైకి వచ్చి కాలువలో నీళ్లు పోస్తుంది. వెనక్కి నడిస్తే మళ్లీ బావిలోకి దిగుతుంది. ఎద్దులకు సాయంగా, కిందికి వెళ్లేటప్పుడు తోలే మనిషి ఆ మోకు మీద కూర్చుంటాడు. వాలు చివర దూకేస్తాడు.

మామగారు కూర్చునే తీరే వేరు. ఊయలెక్కినట్టు కాళ్లాడిస్తూ, పిల్లలు చూస్తున్నారంటే జారిపడబోతున్నట్టు నటించేవారు. ఒకసారి నేను నిజమే అనుకుని కేక వేశాను. ఆయన నిటారుగా కూర్చుని, "పడితే ఏమైతదో నీ బీఏల చెప్పలేదా బిడ్డా?" అన్నారు.

"నడుము విరుగుతదని చెప్పిన్రు మామా. ముసలోళ్లకు వేరే పాఠం ఉంది."

ఆ మాట వచ్చినవాళ్లకల్లా చెప్పుకుని నవ్వారు. మోటరుండగా ఈ మోట ఎందుకని అడిగితే, "మోటరు నవ్వదు బిడ్డా" అనేవారు. దానికి నేనేం వాదించను?

శివరాత్రికి ముందు ఒక మధ్యాహ్నం అన్నం తిని పందిరి కింద పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు.

నెల తిరగకముందే మోటరు కాలిపోయింది. వైండింగ్‌కు సికింద్రాబాద్ పంపిస్తే రేపు, ఎల్లుండి అంటున్నారు. గుత్తుల్లో రసం పట్టే రోజులవి. ఆకులు ముడుచుకుంటున్నాయి. మా ఆయన నాచారంలో ఫ్యాక్టరీ డ్యూటీ దిగి వచ్చి ఎద్దులను మోటకు కడితే, అవి వాలు మొదట్లో నిలబడి కదల్లేదు. కర్ర ఎత్తితే మా అత్త లాక్కుంది.

షెడ్డు వేసుకోవడానికి జాగ వెతుకుతున్న ఒకాయన అంతకుముందే వచ్చి తోట అడిగి, ఆదివారం మళ్లీ వస్తానని చెప్పిపోయాడు.

"పంట ఎండినంక అగ్గువకు అడుగుతడు. ఆదివారం వస్తే ఇచ్చేద్దాం" అన్నాడు మా ఆయన.

"మీ నాయన చేత్తో నాటిన తీగలు. ఆదివారం దాకా ఆ మాట ఎత్తకున్రి" అన్నాను.

మర్నాడు ఆయన డ్యూటీకి వెళ్లాక, అత్తను తోడు తీసుకుని నేనే ఎద్దులను కట్టాను. అదిలించాను, బతిమాలాను. చివరికి ఒళ్లు మండి, "ఏం మామా, తోట అమ్మితే మీకు సంతోషమా?" అని గట్టిగానే అన్నాను. ఆయన్ను పిలవడం కాదది, విసుక్కోవడం.

ఎద్దులు నడిచాయి.

నేను వాటి ముందున్నాను కాబట్టి మొదటిసారి వెనక ఏం జరిగిందో చూడలేదు. వాలు చివరికి రాగానే మోకు టప్‌మని పైకి లేచిన చప్పుడు వినిపించింది. మనిషి దూకినప్పుడు వచ్చే చప్పుడది. ముడి సడలిందేమో అని వెళ్లి చూశాను. గట్టిగానే ఉంది.

రెండోసారి పగ్గాలు అత్తకిచ్చి నేను వాలు పక్కన నిలబడ్డాను. బొక్కెన బరువుకు మోకు బిగిసి ఉంది, ఒక్కచోట తప్ప. ఎద్దులకు కాస్త వెనక, మామగారు కూర్చునే చోట, కిందికి వంగింది. వంగి ఊరుకోలేదు, ఇటూ అటూ ఊగుతోంది. వాలు చివర ఆ వంపు పోయి మోకు టప్‌మంది.

అత్త వెనక్కి తిరగలేదు. నేనింకా నోరు తెరవలేదు.

"దిగి సక్కగ పక్కన నడువుమను" అంది. "మళ్ల మోకాళ్లు గుంజుతున్నయని నన్నే పిసుకుమంటడు."

అంతే. ఎద్దులను వెనక్కి నడిపించింది. మధ్యాహ్నానికి సగం తోట తడిసింది.

సాయంత్రం మా ఆయనతో చెప్పాను. "తడిసిన తాడు సాగుతది, గంతే" అన్నాడు. సాగితే పొడుగునా వేలాడాలి గానీ ఒక్కచోటే ఎందుకు వంగుతుందని అడిగాను. గాలి అన్నాడు. ఆకు కదలని ఎండలో గాలేదని అడిగాను. మర్నాడు డ్యూటీ మానేసి వచ్చి చూశాడు. చూసి కూడా ఒప్పుకోలేదు. ఎద్దులు నడుస్తుండగా వెళ్లి సరిగ్గా ఆ వంపు మీదే కూర్చున్నాడు.

ఎద్దులు వాలు మధ్యలో ఆగిపోయాయి. నిండు బొక్కెన బావిలో వేలాడుతోంది. ఆయన లేచి పక్కకు జరిగాడు. అవి నడిచాయి.

మా ఆయన వచ్చి కాలువ గట్టు మీద కూర్చున్నాడు.

"చిన్నప్పుడు గూడ నన్ను ఎక్కనియ్యకపోతుండె" అన్నాడు. "ఎంత ఏడ్సినా తనే కూసునేది."

ఆదివారం షెడ్డు ఆయన వస్తే చాయ్ ఇచ్చి, జాగ అమ్మడం లేదని చెప్పి పంపించాడు. కారణం అడిగితే పంట బాగుందన్నాడు. అబద్ధం కాదు. ఆకులు విచ్చుకున్నాయి, గుత్తులు నిండుతున్నాయి.

ఎద్దులకు అలవాటైన నడకలో మోకు అలాగే ఊగుతుందని తరువాత ఒక బంధువు వివరించాడు. ఎద్దులది అలవాటు, సరే. మా అత్త వెనక్కి చూడకుండా ఆ మాట ఎలా అంది? అడిగితే ఆయన మళ్లీ ఎద్దుల నడక దగ్గరికే వచ్చాడు.

షెడ్డు ఆయన వచ్చిపోయిన మర్నాడు మోటరు బాగై వచ్చింది. బిగించి స్విచ్ వెయ్యబోతున్న మా ఆయనను ఈ ఒక్కపూట ఆగమన్నాను. ఎందుకన్నాడు. చివరి వరుసకు నీళ్లు అందలేదన్నాను. చివరి వరుస ముందురోజే తడిసింది. తడిపింది మా ఆయనే.

ఆయన స్విచ్ మీంచి చెయ్యి తీసి, ఎద్దులను తీసుకురావడానికి కొట్టం వైపు నడిచాడు.