గుంపు చివర తోక బాబాయ్

పన్నెండు రోజుల ఆ నడకలో తొమ్మిదో రోజు కొండ ఎక్కాలి. ముందు గైడు, మధ్యలో డబ్బు కట్టి వచ్చిన పద్నాలుగు మంది, అందరికంటే వెనక తోక బాబాయ్. ఆయనకో అసలు పేరు ఈ నడకలు నడిపే కంపెనీ కాగితాల్లో ఉంది గానీ, దాంతో పిలిచినవాళ్లు లేరు. ఉద్యోగం ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఆయన వెనక ఎవరూ ఉండకూడదు. ఎవరినీ దాటకూడదు, ఎవరినీ ఒంటరిగా వదలకూడదు.

పద్దెనిమిదేళ్లుగా అదే పని. నడకలు లేని నెలల్లో లాండ్రీ పైన ఒంటి గదిలో ఉంటాడు. కింది ఇస్త్రీ ఆవిరికి గది నేల ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. మనుషుల్ని ఇన్నేళ్లూ వెనక నుంచే చూశాడేమో, ఆయనకు ముఖాలు గుర్తుండవు, మడమలు గుర్తుంటాయి. వీధిలో ఎవరైనా నవ్వి పలకరిస్తే ముందు వాళ్ల చెప్పుల వంక చూస్తాడు.

మోకాలు మొరాయిస్తోందని ఈ ఏడాదితో మానేస్తున్నాడు. మానేసే ముందు ఒక్క కోరిక. శిఖరం మీద గుంపంతా కలిసి దిగే ఫోటోలో తనూ ఉండాలి. ఇన్నేళ్ల ఫోటోల్లో ఒక్కదాన్లోనూ ఆయన లేడు. ఆఖరి మలుపులో అందరూ సంచులు దింపి పైకి పోతే, ఆయన కాపలా కూర్చునేవాడు. వాళ్లు దిగొచ్చాక ఒక్కడే ఎక్కి, ఎవరేం మర్చిపోయారో చూసి వచ్చేవాడు.

ఆ పొద్దున గైడుతో, ఎన్నాళ్లుగానో నోట్లో నానుతున్న మాట బయటపెట్టాడు.

"ఈసారి నన్నూ ఫోటోలో నిలబెట్టరా."

"అంతకంటేనా బాబాయ్. సంచులు ఎవరెత్తుకుపోతారు, మేకలా? వచ్చెయ్. నువ్వొచ్చేదాకా ఫోటో తియ్యను, సరేనా."

ఒంటిగంటకు ఆఖరి మలుపు చేరారు. అక్కణ్ణుంచి పైకి పావుగంట. అందరూ సంచులు పడేసి గబగబా ఎక్కేశారు. చివరగా కుంటుతూ వచ్చిన బేకరీ ఆవిడ మాత్రం రాయి మీద కూలబడింది. పొద్దస్తమానం పొయ్యి ముందు నిలబడే మనిషి. మడమలు బయటికి వాలే ఆవిడ నడకను ఆయన మొదటిరోజే గుర్తుపెట్టుకున్నాడు.

"ఇక నా వల్ల కాదు. మీరు వెళ్లండి బాబాయ్. తప్పిపోడానికి నేనేం చిన్నపిల్లనా."

"చిన్నపిల్లలైతే ఏడుస్తారమ్మా, దొరికేస్తారు. పెద్దవాళ్లతోనే చిక్కు. మొహమాటపడి చప్పుడు చెయ్యరు."

బూటు విప్పిస్తే, బొబ్బ చితికి మేజోడు చర్మానికి అంటుకుపోయి ఉంది. నీళ్లతో తడిపి మెల్లగా వదులు చేశాడు.

"ఎప్పట్నుంచి ఇది?"

"నిన్నట్నుంచి."

"చెప్పొచ్చుగా."

"చెబితే నా ఒక్కదాని కోసం అందరూ ఆగాలిగా."

ఆయన సంచిలోంచి పట్టీ తీసి బొబ్బ మీద అంటించాడు. గాలి ఇటు వీస్తోంది. పైనుంచి గైడు లెక్కపెట్టడం స్పష్టంగా వినిపించింది.

"పన్నెండు, పదమూడు. ఒక్కరే తక్కువ, బేకరీ మేడం. కానివ్వండి, మబ్బు కమ్మేస్తోంది. అందరూ దగ్గరికి జరగండి."

తర్వాత నవ్వులు. అప్పటికే గట్టిగా అంటుకున్న పట్టీ అంచును తోక బాబాయ్ ఇంకోసారి వేలితో నొక్కాడు.

కాసేపటికి గైడు అందరికంటే ముందు దిగొచ్చాడు. రాయి పక్కన కూర్చున్న ఆయన్ని చూడగానే కాళ్లు ఆగిపోయాయి.

"బాబాయ్... మర్చేపోయాను."

"పోనీలే."

"పోనీలే ఏంటి. రెండు గంటలకి గానీ దిగక్కర్లేదు. మేడం దగ్గర దిగొచ్చే వీళ్లంతా ఉంటారు. పద, మనిద్దరం పైకెళ్దాం. నీ ఒక్కడికే మంచి ఫోటో తీసిస్తా."

ఆయన పైకి చూశాడు. మబ్బు శిఖరాన్ని సగం మింగేసింది.

"ఒక్కణ్ణే అక్కడ పద్దెనిమిదేళ్లుగా నిలబడుతూనే ఉన్నాన్రా. అందులో చూసుకోడానికేముంది."

గైడు బేకరీ ఆవిడ సంచి తన భుజానికి తగిలించుకున్నాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే సంచులు ఎత్తుకుని, ఫోటో గురించి మాట్లాడుకుంటూ ముందుకు సాగారు. దారి ఇరుకు కావడంతో ఆయన కొండవైపు ఒదిగి వాళ్లకు చోటిచ్చాడు.

"మీరు ముందు నడవండి బాబాయ్, మీ వెనకే వస్తా" అంది బేకరీ ఆవిడ లేచి నిలబడుతూ.

"అలా కుదరదమ్మా."

ఆవిడ నాలుగడుగులు వేసేదాకా ఆగి, తూలితే చెయ్యి అందేంత దూరంలో వెనకే దిగడం మొదలుపెట్టాడు.