వైరు చుట్టేవాడి గురించి మా నర్సింలు చెప్పిన క్లాసు

నిన్న పొద్దున వికారాబాద్ నుంచి ఫోన్. నర్సింలు వాళ్ల తమ్ముడు.

"అన్న పోయిండు, వీరేశన్నా."

నేను నమ్మలేదు. పైగా తిట్టాను.

సగం తాండూరును దొంగ ఫోన్లతో ఆడించినవాణ్ని. ఇవాళ నా వంతు వచ్చింది, ఎవడో గొంతు మార్చి మాట్లాడుతున్నాడు అనుకున్నాను.

అతను ఏడుస్తూనే ఉన్నాడు.

గొంతు ఎవరైనా మారుస్తారు. అట్లా ఏడవడం ఎవరికీ రాదు.

హార్ట్ ఎటాక్. ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. తాండూరు బడిలో నర్సింలుది, నాది ఒకే బెంచీ. నేను టెన్త్‌తో ఆపేసి సౌండ్ బాక్సుల షాపు పెట్టాను. వాడు చదువుకుని వికారాబాద్‌లో జువాలజీ లెక్చరర్ అయ్యాడు.

ఆ మధ్య నాకు ఒళ్లు బరువు, ఎప్పుడూ నిద్ర, ఎండలో కూడా చలి. ఎవరిమీదా జోకు వేయబుద్ధి కావడం లేదు. అది చూసి మా ఆవిడ నిజంగా భయపడి నర్సింలుకు చెప్పింది. వాడొచ్చి టెస్టులు చేయించాడు.

థైరాయిడ్ తక్కువ. రోజూ పరగడుపున ఒక టాబ్లెట్.

బాగయ్యాను. బాగయ్యాను కదా అని మానేశాను. కథ మళ్లీ మొదటికొచ్చింది.

ఆ సంగతి వాడికి మా బంధువుల పెళ్లిలో తెలిసింది. భోజనాల దగ్గర నన్ను పక్కన కూర్చోబెట్టుకుని క్లాసు మొదలుపెట్టాడు.

ఆ పెళ్లికి బాక్సులు నావే. నేను ఊరుకుంటానా? చొక్కా జేబులో ఉన్న కార్డ్‌లెస్ మైక్ మెల్లగా ఆన్ చేశాను.

ఫంక్షన్ హాలంతా వాడి గొంతే.

"అరేయ్, హార్మోన్ లేకుంటె దాన్ని పట్టుకునే రిసెప్టర్ ఖాళీగ ఉంటదనుకున్నవా? జీన్ మీదనే కూసుంటది. పక్కకు ఒకణ్ని పిలుస్తది. వాన్ని కో-రిప్రెసర్ అంటరు. వాడు ఇంకొకణ్ని తోల్కొస్తడు. వాడొచ్చి డీఎన్ఏ దారం గట్టిగ సుట్టుకునేటట్టు చేస్తడు. ఇగ ఆ జీన్‌ను ఎవ్వడు సదవలేడు."

అప్పడం విరుస్తున్నవాళ్లు విరుస్తున్నట్టే ఆగిపోయారు.

వాడు నా జేబు వైపు చూశాడు. నాలుగు తగిలిస్తాడనుకున్నాను. మైక్ లాక్కుని, లేచి నిలబడి, మిగతా క్లాసు మొత్తం పెళ్లి జనానికి చెప్పాడు. పెళ్లికొడుకు మేనమామ చెయ్యి కడుక్కుని వచ్చి తన టాబ్లెట్ గురించి అడిగాడు.

నాకు మాత్రం ఒక్క ముక్క ఎక్కలేదు.

ఎక్కింది సాయంత్రం బరాత్‌లో, పెళ్లి ఊరేగింపులో.

చావు జరిగిన ఇంటి ముందు పాట ఆపాలి. అదీ వాల్యూమ్ తగ్గించడం కాదు. తాగినవాడు ఎవడో మళ్లీ పెంచుతాడు. అందుకే మా వైపు సౌండ్ వాళ్లం వైరు పీకి చెక్క రీలుకు చుట్టేస్తాం.

ఒక గల్లీ మూల మీద చావింటి పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. ఏమీ అనలేదు. ఆయన పక్కనున్నతను చెయ్యి లేపాడు. మా పనివాడు దిగి వైరు చుట్టేశాడు.

నర్సింలు నా భుజం గుంజాడు.

"సూషినవా? మూల మీదున్నాయన రిసెప్టర్. చెయ్యి లేపినోడు కో-రిప్రెసర్. వైరు సుట్టినోడు వాడు తోల్కొచ్చినోడు. ఆయన ఒక్కడే నిలబడితె నీ డబ్బాలు ఆగుతుండెనా?"

మరి టాబ్లెట్ చేసేదేమిటని అడిగాను.

"టాబ్లెట్ల ఉన్నది ఆ హార్మోనేరా. అది రాంగనే రిసెప్టర్ జర పక్కకు మలుగుతది. చెయ్యి లేపినోనికి పట్టుకునే జాగ దొరకది. పోతడు. సుట్టిన వైరు మల్ల ఇప్పుతరు. నీ పాట ఏడికి పోలేదురా, మూసిపెట్టిండ్రంతే."

ఆ తర్వాత నేను టాబ్లెట్ మానలేదు. ప్రశ్నలూ మానలేదు. కరెంటు పోయినా, వాన పడినా వాడికి ఫోన్ చేసి ఏదో ఒకటి అడిగేవాణ్ని.

మొన్న అడిగింది ఇది: హార్మోన్ వచ్చి నిలబడినా కదలని మొండి కో-రిప్రెసర్ ఉంటాడా?

వాడు చాలాసేపు నవ్వాడు. "ఉంటడు. నీ అసొంటోడు. ఆదివారం అనంతగిరికి రా, ఛాయ్ తాగుకుంట చెప్త."

ఆదివారం ఇంకా రాలేదు.

నిన్న సాయంత్రం వాళ్లింటి ముందు కూర్చున్నాం. ఎవరిదో బరాత్ అటే వచ్చింది. నర్సింలు తమ్ముడు వెళ్లి గల్లీ మూల మీద నిలబడ్డాడు. పక్కన వాళ్ల మామ చెయ్యి లేపాడు. బండి మీంచి ఒకతను దిగి వైరు చుట్టాడు.

పెళ్లి జనం చప్పుడు లేకుండా మమ్మల్ని దాటిపోయారు.

అవతలి గల్లీలో మళ్లీ పాట మొదలైంది.

అరేయ్ చూడు, ముగ్గురూ ఉన్నారు అని వాడికి చూపించబోయి సగం లేచాను.

మళ్లీ కూర్చున్నాను.

వాడి స్టూడెంట్స్ ఎవరైనా ఇది చదివితే, ఆ మొండివాడి సంగతేమిటో కామెంట్‌లో రాయండి. పుస్తకంలో ఉన్నట్టు కాదు, మీ సార్ చెప్పినట్టు రాయండి.

ఇవాళ పొద్దున టాబ్లెట్ వేసుకున్నానురా.

పోయిరా నర్సింలూ. షాపులో వైర్లన్నీ చుట్టేసి వచ్చాను. నీ నిద్రకు ఏ చప్పుడూ అడ్డం రాకూడదు.