మొండయ్యను నిరాయుధుణ్ణి చేసిన విధం

పాలకుర్తి దగ్గరి మొండయ్య కల్లు గీస్తాడు. ముప్పై ఏళ్లుగా ఆయన నడుముకు ఒకటే కత్తి, తండ్రి ఇచ్చింది. దానితో కోడిని కూడా కోసి ఎరగడు. తాటి గెలను రోజూ చెక్కుతూ ఉండాలి. నాలుగు రోజులు మానేస్తే ఎండిపోతుంది, ఆ ఏటికి ఆ చెట్టు మీద ఆశ వదులుకోవడమే.

పాత కార్డులు చెల్లవు, కొత్త గీత కార్మికుడి కార్డు లేనిదే చెట్టెక్కొద్దన్నారు ఆబ్కారీవాళ్లు. మొండయ్య పొద్దున్నే గెలలు చెక్కి, భుజాన చెట్టెక్కే మోకుతాడు, నడుముకు కత్తితో అలాగే పట్నంలో సుబేదారిలోని వాళ్ల ఆఫీసుకు వెళ్లాడు. గేటు కాపలా సుగుణ ఆయన నడుము చూసి చెయ్యి చాపింది.

"ఆయుధాలు లోపలికి బంద్, కాకా. ఈడ పెట్టి పో."

"ఆయుధమేంది బిడ్డా, పనిముట్టు గాదా?"

"ఏదైతేంది, కోస్తది గద!"

కత్తి ఇచ్చి మేడెక్కాడు. రెండో అంతస్తులో గుమాస్తా పాండురంగం ఆయన్ను ఎగాదిగా చూశాడు.

"నువ్వు కల్లు గీస్తవని గ్యారంటీ ఏంది? కత్తి చూపియ్యి."

"గేటుకాడ గుంజుకున్నరు సారూ."

"కత్తి లేనోడు గీసేదేంది?"

కిందికి దిగి అడిగితే, కత్తి లోపలికి తేవాలంటే కార్డుండాలంది సుగుణ. ఎంత తెలివి!

మూడోసారి మేడెక్కి దిగేసరికి మొండయ్యకు ఒళ్లు మండింది. గోడ బయట ఒక తాటిచెట్టుంది. దాని తల సరిగ్గా పాండురంగం కిటికీ ముందుకొస్తుంది. గేటు బయట కత్తిని ఆపేవాళ్లెవరూ లేరు. సుగుణ దగ్గర కత్తి వెనక్కి తీసుకుని, మోకు బిగించి పైకెక్కి, కిటికీలోంచి కత్తి ఆడించాడు.

"ఇగో సారూ, జర చూడు!"

పాండురంగం బల్ల కింద దూరి కేకలు పెట్టాడు.

పోలీసులొచ్చి కత్తి తీసుకున్నారు. "వృత్తి: కల్లు గీత. స్వాధీనమైన మారణాయుధం: గీత కత్తి" అని రాసి ముద్ర కొట్టి, నకలొకటి మొండయ్య చేతికిచ్చి పంపారు. మర్నాడు ఆ కాగితం చూడగానే పాండురంగం ముఖం వికసించింది.

"ప్రూఫ్ అంటే గిది! ముందుగాలనే తేకపోతివేంది?" అని అరగంటలో కార్డు చేతిలో పెట్టాడు.

కత్తి మాత్రం సాక్ష్యం కింద కోర్టుకు పోయింది. కమ్మరి కొత్తదానికి పది రోజులన్నాడు. ఒకరి కత్తి ఇంకొకరు ముట్టని ఊరది. మెడలో కార్డుతో మొండయ్య చెట్ల కింద నిలబడ్డాడు. పదకొండు చెట్ల గెలలు ఎండుతున్నాయి, ఏడుపొచ్చింది.

"సార్లు ఇచ్చిన కార్డాయె, దాంతోనే గియ్యరాదూ!" అంది భార్య యాదవ్వ, కోపంతో.

మొండయ్య కార్డును మెడలోంచి తీసి, దాని అంచును బొటనవేలితో తడిమి పదును చూశాడు.