సీలు డబ్బా, విడి ప్రాసెసర్

మా ఇంట్లో కంప్యూటరు పాడైందంటే నా చేతులు కట్టేసినట్టే. స్టీలు ప్లాంటు టౌన్‌షిప్‌లో, సెక్టర్ 6లోని క్వార్టర్లో, ముందుగది కిటికీ పక్కన కూర్చుని వర్క్‌షాపులకి డ్రాయింగులు గీసి పంపడం నా పని. ముడిసరుకు మోసే కన్వేయర్లు, చ్యూట్లు, హాపర్లు, ఇలాంటివే ఎప్పుడూ. ప్లాంటులో మెషీన్లు ఆపి మరమ్మతులు చేసే షట్‌డౌన్‌కి ఒక తారీఖు పడుతుంది. ఆలోపు సామాను తయారవ్వాలి, అంతకంటే ముందు నా డ్రాయింగు వెళ్ళాలి. ఆలస్యమైతే వర్క్‌షాపువాళ్ళు తిట్టరు, గొడవ పెట్టుకోరు. ఇంకోసారి ఫోన్ చెయ్యరు, అంతే.

పోయినేడు చలికాలంలో, సరిగ్గా అలాంటి షట్‌డౌన్ ముందు, పాత మెషీను మొరాయించింది. మదర్‌బోర్డూ ప్రాసెసరూ రెండూ మార్చాలన్నారు. నాన్నా నేనూ స్కూటరు మీద క్యాంప్ 2 బజారుకి వెళ్ళాం. నాన్న రోలింగ్ మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఏ మెషీను మీదా బయటివాడి చెయ్యి పడనివ్వడు. మా క్వార్టర్ల వరసలో ఎవరి కూలరు పంపు ఆగినా ఆయనే వెళ్ళి విప్పుతాడు, పిలవకపోయినా వెళ్తాడు.

దుకాణదారు మా ముందు రెండు పెట్టాడు. ఒకటి సీలు వేసిన డబ్బాలో ఉంది. దాంతోపాటు దాని మీద బిగించే ఫ్యానూ, మూడేళ్ళ కంపెనీ వారంటీ. రెండోది పల్చటి ప్లాస్టిక్ తొడుగులో ఉన్న విడి ముక్క. కంప్యూటర్లు తయారుచేసే కంపెనీలు వీటిని ట్రేల లెక్కన కొంటాయట, అందులో కొన్ని ఇలా బజారుకి వస్తాయట. ఫ్యాను ఉండదు, కంపెనీ వారంటీ ఉండదు. ఏడాదిపాటు దుకాణదారు మాటే గ్యారంటీ. లోపలి సరుకు మాత్రం ఒకటే, ధర బాగా తక్కువ. అదే తీసుకో దీదీ అని హిందీలో ఒకటే పోరు పెట్టాడు.

నాన్న వెంటనే అతని పక్షం చేరిపోయాడు. ప్లాంటు స్టోర్సుకి నూనె కాగితం చుట్టుకుని వచ్చిన స్పేర్లంటే ఆయనకి నమ్మకం. రంగురంగుల డబ్బాలో వచ్చిందల్లా ఆయన దృష్టిలో డూప్లికేటే.

"డబ్బాని ఏటి సేసుకుంటావే? మెషీన్లో డబ్బా పెడతావేటి?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఇద్దరూ ఒక్కటై నాకు చెప్పడమేంటి? రేపు ఇది పోతే షట్‌డౌన్ ముందు ఎవరి కాళ్ళు పట్టుకోవాలి? ఏడాది తర్వాత ఈ దుకాణం ఇక్కడే ఉంటుందని రాసిస్తాడా? అవన్నీ పైకే అన్నాను. పట్టుబట్టి డబ్బాదే కొన్నాను. ఫిటింగు ఊరికే చేసిస్తానని దుకాణదారు అంటే నాన్న అవమానం జరిగినట్టు చూశాడు. సామాను సంచిలో వేసుకుని ఇంటికొచ్చేశాం.

నాన్న బల్ల మీద న్యూస్‌పేపరు పరిచాడు. స్క్రూడ్రైవర్లు పొడుగువారీగా పేర్చాడు. ఇంతలో వర్క్‌షాపు ఆయన ఫోన్ చేస్తే, పెరట్లోకి వెళ్ళి డ్రాయింగు ఎప్పుడిస్తానో, ఎందుకు ఆలస్యమైందో సర్దిచెప్పుకుని వచ్చాను. వచ్చేసరికి ప్రాసెసరు మీది లోహపు మూత అద్దంలా మెరిసిపోతోంది. పక్కనే జీరో నంబరు ఎమరీ పేపరు, గిన్నెలో కాస్త కిరసనాయిలు. మిల్లులో ఏ రెండు ముక్కలు ఒకదానికొకటి ఆనాలన్నా ముందు వాటి ఆనే వైపుల్ని, అంటే ఫేసుల్ని, అలాగే రుద్ది, తుడిచి, అప్పుడు బిగించేవాళ్ళు. దాని మీద ఫ్యాను ఆనుతుందని ఆయనకి తెలుసు. అందుకే రుద్దాడు.

ఇక ఇది పనిచెయ్యదనుకున్నాను. కానీ మెషీను ఆన్ అయింది. డ్రాయింగు వెళ్ళింది. నాన్న ఆ సాయంత్రమంతా హుషారుగా ఉన్నాడు. నేను మిగతా సంగతి మర్చిపోయాను.

మే నెల ఎండల్లో మళ్ళీ మొదలైంది. గీస్తూ గీస్తూ ఉంటే తెర నల్లబడి ఆగిపోయేది. మళ్ళీ ఆన్ చేస్తే కాసేపు బాగానే ఉండేది. కూలరు గాలి మెషీను వైపు తిప్పి, నేను చెమటలు కక్కుతూ పనిచేశాను. చివరికి దుకాణానికి మోసుకెళితే అతను ఒక్కొక్కటీ మార్చి చూసి ప్రాసెసరే పోయిందన్నాడు. రుద్దడం వల్ల కాదట, దానంతటదే పోయిందట. నాకు నిజంగా సంతోషం వేసింది. డబ్బా జాగ్రత్తగా దాచాను కదా, దాని మీద నంబరుంది, వారంటీ ఉంది. ఆ రోజు ఇద్దరితో వాదించి గెలిచింది నేనే కదా అనుకున్నాను.

కంపెనీ సర్వీస్ సెంటరులో కౌంటరు దగ్గరున్నాయన డబ్బా మీది నంబరు చూశాడు. ప్రాసెసరు తిప్పి చూశాడు. లైటు కిందకి తీసుకెళ్ళి అటూ ఇటూ వంచి చూశాడు. డబ్బా మీది నంబరూ మూత మీద చెక్కిన నంబరూ రెండూ కలవాలని, ఇక్కడ రెండోది లేనే లేదని, కాబట్టి వారంటీ వర్తించదని, ఏ మాత్రం విసుక్కోకుండా చెప్పాడు. ఆ మర్యాదే నాకు ఎక్కువ మంట పుట్టించింది. ఆయన తిరిగిచ్చిన ఆ మూతలో నా మొహం నాకు కనిపిస్తోంది. ఎక్కువ ధర పెట్టి డబ్బాలోది కొని, ఇంటికి తెచ్చుకుని, మేమే దాన్ని విడి ముక్కగా మార్చుకున్నాం.

దారి పొడుగునా నాన్నని ఏమనాలో పేర్చుకుంటూ వచ్చాను. గుమ్మంలోనే కక్కేశాను. ఎమరీతో వారంటీ మొత్తం గీకి పారేశావు నాన్నా అన్నాను. ఆయన ప్రాసెసరు తీసుకుని కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

"రెండు ఫేసులు ఆనుకునే కాడ నంబరు ఎవుడు కొడతాడే? నంబరంటే పక్కన కొడతారు," అన్నాడు.

అది ఇంకా కోపం తెప్పించింది. ఆయన పద్ధతిలో ఆయన చెప్పింది రైటే. ఆ పద్ధతికి ఈ వస్తువుతో సంబంధం లేదు, అంతే. ఆ ముక్క ఆయనకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

మళ్ళీ షట్‌డౌన్ దగ్గర పడుతోంది. మర్నాడు నేనొక్కదాన్నే క్యాంప్ 2కి వెళ్ళాను. ఈసారి విడి ప్రాసెసరే తీసుకున్నాను. డబ్బాదానికి అంత డబ్బు పెట్టే ఓపికా లేదు, డబ్బా మీద నమ్మకమూ లేదు. ఫిటింగు అక్కడే చేయించేశాను. అతను మూతని వేలితో కూడా తాకకుండా బిగిస్తుంటే కళ్ళార్పకుండా చూశాను.

ఇంటికి వచ్చేసరికి బల్ల మీద న్యూస్‌పేపరు పరిచి ఉంది. స్క్రూడ్రైవర్లు పొడుగువారీగా పేర్చి ఉన్నాయి. ఎమరీ పేపరు లేదు, కిరసనాయిలు గిన్నె లేదు. వాటి బదులు ఉతికిన మెత్తటి గుడ్డ ఒకటి మడతపెట్టి ఉంది. నాన్న కుర్చీలో కూర్చుని నా చేతిలో మెషీను చూశాడు.

"ఫిట్ చేయించీసేవా?" అన్నాడు.

అవునన్నాను. పనికి టైము లేదు నాన్నా అని కూడా అన్నాను. ఆయన తలూపి, స్క్రూడ్రైవర్లు ఒక్కొక్కటే పనిముట్ల డబ్బాలో పెట్టేసుకుని, న్యూస్‌పేపరు మడిచి పక్కన పెట్టాడు.