వాలుగ దవడ

పొందూరులో కూర్మమ్మ ఇంటి చూరులో ఎప్పుడూ ఒక చేప దవడ దోపి ఉండేది. ఏటిలో పెరిగే వాలుగ చేపది. దాని పళ్లు వేలికి తగలాలే గానీ కంటికి ఆనవు. ఒక్కొక్కటీ లోపలికి వంగిన సన్నటి కొక్కెం. దాంతో దువ్వితేనే కొండపత్తి తెగకుండా, చెత్త వదిలి, పట్టులా సాగుతుంది. గింజ తీయడం, ఏకులు చుట్టడం, రాట్నం ముందు కూర్చోవడం అన్నీ ఆ తరవాతే.

కూర్మమ్మ చిన్నప్పుడు నాగావళికి కొత్తనీరొస్తే వాలుగలు పడేవి. కూర ఎవరింట వండినా దవడ మాత్రం వడికే ఆడవాళ్లదే. వాళ్లమ్మ ఒకదాన్ని బూడిదలో ఆరబెట్టి కూతురి చేతిలో పెట్టింది. తరవాత వాలుగలుండే ఏటి మడుగుల్ని ఇసుక లారీలు మింగేశాయి. పొందూరు ఖాదీ కండువా భుజాన వేసుకుని వేదికలెక్కినవాళ్లలో ఒక్కరూ అడగలేదు, చేప ఏమైందని, వడికే చేతికి కూలి చాలుతోందా అని.

కొత్తకోడలు యమునది భోగాపురం వైపు సముద్రపొడ్డు. చూరులో చేపముల్లు కనబడితే పిల్లి తెచ్చిందనుకుని పొయ్యిలో వేసేసింది.

"ఓలమ్మో! మా యమ్మ ఇచ్చిన దవడే అది!" కూర్మమ్మ కూలబడింది. ఇక ఏం పెట్టి దువ్వాలి? బుట్టలో పత్తి బుట్టలోనే ఉండిపోయింది.

కబురు విని యమున తండ్రి అప్పలసూరి సంచీడు సముద్రపు చేపల దవడలు మోసుకొచ్చాడు.

"ఏది కావాలో ఏరుకో వొదినా. సముద్రంలో ఇంక పళ్లున్నదేదీ మిగల్లేదు."

కూర్మమ్మ ఒకదానితో దువ్విచూసింది. పోగులు పటపటా తెగాయి.

"దవడలు తెచ్చినావా అన్నియ్యా, రంపాలు తెచ్చినావా?"

అందరూ నవ్వారు, యమున తప్ప.

మర్నాడు ఆమె నరసన్నపేట చేపల బజారుకు పోయింది. గోదావరి వైపు నుంచి వచ్చిన సరుకులో ఒక వాలుగ కనబడింది. దాని తల ఒక్కటే ఇమ్మంది.

"తలకాయొక్కటీ ఏటి సేసుకుంతావు, పులుసుకా?" అంది చేపలమ్మే రాజకుమారి.

"పులుసుక్కాదు, మా అత్తకి."

ఎముక విరక్కుండా దవడ ఊడదీయడం యమునకు పుట్టింటి పనే. కూర్మమ్మ బూడిద తెచ్చింది. రుద్దుతుంటే యమున వేలు పళ్లకు చిక్కుకుంది. లాగినకొద్దీ దిగబడుతోంది.

"లాగీకే ఒసే! లోపలికి తొయ్యి, అదే వదుల్తాది. మా యమ్మా నాకిలాగే సెప్పింది."

వేలు ఊడొచ్చింది. కూర్మమ్మ మాత్రం ఇంకా ఆ వేలినే చూస్తూ కూర్చుంది.

దవడ ఆరాక మొదటి గుప్పెడు పత్తి తను తీసుకోలేదు. కోడలి ఒళ్లో పెట్టింది.

"మెల్లగా దువ్వు. పత్తికి తెలీకూడదు."