మూడుసార్లు మసకబారిన నక్షత్రం

మూడుసార్లు చూస్తేగానీ బాబాయ్ దేన్నీ నమ్మడు. ఎక్కడో దూరాన నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలను వెతకడం ఆయన ఉద్యోగం. గ్రహం అడ్డు వచ్చినప్పుడల్లా నక్షత్రం వెలుగు ఇసుమంత తగ్గుతుంది. అలా మూడుసార్లు తగ్గితేనే అది గ్రహమని ఆయన పనిచేసే వేధశాలలో లెక్క. లెక్క అక్కడితో ఆగితే బాగుండేది. బాబాయ్ దాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాడు.

ఓసారి వంటింట్లో పాలు మాడిపోతున్నాయి.

"ఏమండీ, మాడు వాసన రావట్లేదూ?" పెరట్లోంచి పిన్ని కేకేసింది.

"ఒకసారి వచ్చింది. చూద్దాం," అన్నాడు బాబాయ్.

మూడోసారి వచ్చేసరికి గిన్నె బొగ్గయింది. "ఆఁ, ఇప్పుడు నిజమే," అంటూ తృప్తిగా పేపరు మడిచాడు. పిన్ని నెత్తి బాదుకుంది.

ఇలాంటి మనిషి కిందే అన్నగారి కూతురికి ఉద్యోగం దొరకాలా! పాపం, నిరుడు ఆ పిల్ల గ్రహం దొరికిందని ఎగిరి గంతేస్తే, తీరా అది కెమెరా అద్దం మీద వాలిన పురుగని తేలింది. అప్పటినుంచి టీ గదిలో, "ఏమ్మా, మీ పురుగు కులాసాయేనా?" అని ఒకటే ఏడిపించడం. ఇప్పుడు అచ్చం మన సూర్యుడిలాంటి నక్షత్రం ఒకటి మసకబారడం ఆమె కంటపడింది. ఇది గ్రహమైతే తలెత్తుకు తిరగొచ్చు. కాకపోతే ఉన్న కాస్త పరువూ పోతుంది.

"బాబాయ్, దొరికింది!"

"ఒకటి," అన్నాడు బాబాయ్, టీ ఊదుకుంటూ.

కొన్ని నెలలకు మళ్ళీ మసకబారింది.

"రెండు."

"కాస్త సంతోషించొచ్చుగా!"

"మూడోదానికి దాచుకున్నా."

తీరా మూడోది రావలసిన వారంలో టెలిస్కోపు వంతు వేరేవాళ్ళది. "పురుగుల కోసం వంతులు మార్చలేం," అనేశారు డైరెక్టరుగారు. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుని చెబితే బాబాయ్, "అలాగా," అని ఊరుకున్నాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వారంపాటు ఆయనతో మాట్లాడలేదు.

మూడోది రావలసిన రాత్రి టెలిస్కోపు ఆపరేటరు ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ నక్షత్రానికే తిప్పి ఉంచాను, రండి."

"నా వంతు కాదుగా?"

"మీ బాబాయిగారు తన వంతు వాళ్ళకిచ్చి ఇది మీకు ఇప్పించారు. ఈ ఏడాదికి ఆయనకున్నది ఆ ఒక్కటే. మీకు చెప్పలేదా?"

నక్షత్రం మసకబారింది. పురుగూ లేదు, మబ్బూ లేదు. తెల్లారగానే ఆమె పిన్ని వాళ్ళింటికి పరిగెత్తింది.

"మూడు, బాబాయ్!"

దాచుకున్న సంతోషమంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. బాబాయ్ కుర్చీలోంచి గంతేశాడు. కప్పులోని టీ పిన్ని కొత్త కర్టెన్ మీద పడింది.

"మూడోది చూడకుండానే నీ వంతు ఎలా వదులుకున్నావు? నువ్వు నమ్మవుగా!"

"నక్షత్రాన్ని ఎక్కడ నమ్మానమ్మా? నిన్ను నమ్మాను."

"నన్ను మాత్రం ఒక్కసారికే?"

"ఒక్కసారా!" వంటింట్లోంచి పిన్ని అందుకుంది. "నువ్వు పుట్టిన రోజు ఊయల దగ్గరికి మూడుసార్లు వెళ్ళి చూసొచ్చారు. నర్సు కసిరి బయటికి పంపింది."

"మరి? లెక్క ఆ రోజే తేలిపోయింది," అన్నాడు బాబాయ్, కర్టెన్ తుడుస్తూ.